పదకొండు వేసవుల డిస్కు

మా మిదొరిగావ కాలనీలో ఒకప్పుడు నూట ఇరవై కాపురాలు ఉండేవి. ఆఖరికి ముప్ఫై నాలుగు మిగిలాం. భవనాలు పాతబడ్డాయి, పెద్ద భూకంపం వస్తే నిలబడవు, మార్చి నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యండి అని నగర కార్యాలయం వాళ్ళు వచ్చి వంగి వంగి నమస్కారాలు పెట్టి చెప్పారు. ఎంత మర్యాదగా చెప్పినా ఖాళీ చెయ్యడం ఖాళీ చెయ్యడమే. ఇక ఎవరి దారి వాళ్ళదే కాబట్టి నివాసుల సంఘం సమావేశంలో ఒక తీర్మానం చేశాం. ఏటా వేసవిలో పోయినవాళ్ళని తలుచుకునే ఒబోన్ పండక్కి మా మైదానంలో డోలు వాయించే మంచె చుట్టూ జరిగే నాట్యాల్ని పదకొండేళ్ళుగా నేను నా కెమెరాలో తీస్తున్నాను. అవన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి ఇంటికొకటి పంచాలని తీర్మానం. చేసింది అందరూ కలిసి, చెయ్యాల్సింది మాత్రం నేనొక్కణ్ణే.

నా పేరు కుసకబె. వయసు డెబ్బై ఒకటి. నలభై ఏళ్ళు ట్రాము డిపోలో బ్రేకులు పరీక్షించే పని చేశాను. చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాణ్ణి. అందుచేత కంప్యూటర్ కూడా నా మాట వింటుందని ఒక నమ్మకం. మా ఆవిడ ఇత్సుఎకి ఆ నమ్మకం లేదు. ట్రాములు నన్ను చూసి భయపడేవట, కంప్యూటర్‌కి నేనెవరో తెలీదట.

సమావేశం అయ్యాక గుమ్మం దగ్గర అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే మినెగిషి గారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. మూడో బ్లాకులో పై అంతస్తు ఆవిడది. స్టేషన్ దగ్గర భోజనం డబ్బాలు కట్టే వంటశాలలో పని. ఒక్కరే ఉంటారు. ఆవిడ కూతురు కొహారు 2009 వేసవి తర్వాత వచ్చిన చలికాలంలో జబ్బు చేసి పోయింది. పోయేటప్పటికి తొమ్మిదేళ్ళు.

"కుసకబె గారూ, మీ వీడియోల్లో మా కొహారు ఎక్కడైనా పడిందాండీ?" అని అడిగారు.

ఇంటికెళ్ళి వెతికాను. పడడమేమిటి, 2009 నాట్యంలో ఆ పిల్ల ఆరు నిమిషాలపాటు నా కెమెరా ముందే తిరిగింది. మినెగిషి గారింట్లో ఎప్పుడూ వీడియో కెమెరా లేదు. ఫోటోలు ఉన్నాయి గానీ, కదిలే బొమ్మ ఒక్కటి కూడా లేదట. మర్నాడు మెట్ల దగ్గర కనిపిస్తే చెప్పాను, ఆరు నిమిషాలు ఉందండీ, దగ్గరగా, వెంట్రుకతో సహా కనిపిస్తోందని. ఆవిడ "ఆరు నిమిషాలా" అని మాత్రం అన్నారు. తర్వాత నడుం వంచి నమస్కరించి ఎంతసేపటికీ లేవలేదు. ఏం చెయ్యాలో తెలీక నేనూ వంగాను. అప్పటినుంచి సంఘం తీర్మానం సంగతి నేను పట్టించుకోలేదు. ఆ డిస్కు ఆవిడ కోసమే చెయ్యాలనుకున్నాను.

నా కంప్యూటర్‌కి పన్నెండేళ్ళు. మామూలు డిస్కులో అంత నాణ్యమైన బొమ్మ పట్టదని, దానికి బ్లూ-రే డిస్కు కావాలని పుస్తకంలో చదివాను. ఆ డిస్కులు రాసే యంత్రం నా కంప్యూటర్‌లో లేదు కాబట్టి బయట తగిలించేది ఒకటి కొన్నాను. తగిలిస్తే దాని దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. కంప్యూటర్ మాత్రం ఏమీ తగిలించలేదంది. ముందు వైపు నుంచి తీసి వెనక వైపు పెడితే, ఏదో తగిలించావు గానీ అదేమిటో నాకు తెలియదంది. బుర్ర గోక్కుంటూ రెండు రోజులు గడిపాక, యంత్రానికి కరెంటు చాలడం లేదని అర్థమై రెండు చోట్ల గుచ్చే రెండు కాళ్ళ తీగ తెచ్చాను. అప్పుడు గుర్తుపట్టింది.

అసలు తంటా తర్వాత మొదలైంది. వీడియోల ప్రోగ్రాంలో పదకొండేళ్ళ ముక్కలూ వరసగా పేర్చి డిస్కు తయారుచెయ్యమంటే పదకొండు గంటలు పడుతుందని చెప్పింది. సరే కానివ్వమన్నాను. నలభై రెండు శాతం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే తొంభై ఏడు దాకా వెళ్ళి ఆగింది. మూడోసారి కంప్యూటర్ మధ్యలో నిద్రపోయింది. దానికి నిద్రపోయే అలవాటుందని, మాన్పించాలని తెలుసుకుని మాన్పించాను. నాలుగోసారి వేడెక్కి దానంతటదే ఆరిపోయింది. ఎందుకా అని చూస్తే, దుమ్ము పడకుండా మా ఆవిడ తను అల్లిన లేసు గుడ్డ దాని నెత్తిన కప్పింది. అయిదోసారి మా ఆవిడ అన్నం కుక్కరూ మైక్రోవేవూ ఒకేసారి వేసింది, ఇల్లంతా కరెంటు పోయింది. తప్పెవరిదన్న మాట మీద ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు. పాడైన డిస్కులకి దారాలు కట్టి ఆవిడ బాల్కనీలో పావురాల్ని బెదిరించడానికి వేలాడదీసింది. గాలికి అవి తళతళలాడుతుంటే నాకు ఒళ్ళు మండేది.

ఆరోసారి ఒక సులువు కనిపెట్టాను. పేర్చిన వరసని ప్రోగ్రాంలో భద్రం చేస్తే, మిదొరిగావ అనే పేరుతో తెర మీద ఒక చిన్న ఫిల్మ్ రీలు బొమ్మ వచ్చింది. దాన్ని పట్టుకుని లాగి డిస్కు బొమ్మ మీద పడేశాను. రెండే రెండు నిమిషాల్లో విజయవంతంగా పూర్తయిందని చెప్పింది. నమ్మలేక డిస్కుని బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టి, ఆ రీలు మీద నొక్కాను. మొదటి వేసవి డోలు మోగింది. అద్దంలో చూసినట్టు ఉన్నాయి బొమ్మలు. ముందుకి జరుపుకుంటూ 2009కి వెళ్ళాను. వేసవి పండగలకి తొడిగే నీలం నూలు యుకాతా కట్టుకుని కొహారు చేతులు ఊపుతూ తిరుగుతోంది. ఇత్సుఎని పిలిచి చూపించాను. ఆవిడ కూడా ఏమీ ఎత్తిపొడవలేదు.

పదకొండు గంటలు పట్టాల్సిన పని రెండు నిమిషాల్లో ఎలా అయిందన్న అనుమానం నాకు రావాలి. రాలేదు. మొరాయించే యంత్రం చివరికి మాట విన్నప్పుడు ఎందుకు విన్నావని ఎవరూ అడగరు. ఒక్క పూటలో ముప్ఫై నాలుగు డిస్కులూ అలాగే చేసి, ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో పెట్టి ఆడించి మరీ చూశాను. అన్నీ ఆడాయి. మా ఆవిడ దస్తూరి బాగుంటుంది. ప్రతి పెట్టె మీదా కుంచెతో "మిదొరిగావ, పదకొండు వేసవులు" అని రాసింది. కెమెరాలో పాతవి ఇంకా ఉంటే గందరగోళమని దాని మెమొరీ తుడిచేశాను. డిసెంబరు నెలాఖరున గుమ్మం గుమ్మానికీ తిరిగి పంచాం.

రెండు వారాల్లో మా ఇల్లు కమలాల దుకాణం అయింది. ఒకరు కమలాల పెట్టె, ఒకరు బియ్యప్పిండి సెంబె బిస్కెట్లు, ఒకరు ఎర్ర చిక్కుడు గింజల అజుకి మిఠాయి. సంఘం అధ్యక్షుడు ఇనోకుమా గారు దారిలో ఆపి, భార్యాభర్తలిద్దరం కూర్చుని చూశామండీ, కన్నీళ్ళాగలేదండీ అన్నారు. ముప్ఫై రెండు ఇళ్ళవాళ్ళు చూశామన్నారు, కదిలిపోయామన్నారు. మినెగిషి గారు చిన్న ఉత్తరం రాశారు. ప్రశాంతంగా కూర్చుని చూశాను, మాటలు రావడం లేదు, మీ శ్రమ జన్మలో మరిచిపోను అని. ఆ ఉత్తరం నేను నాలుగుసార్లు చదివాను. అంత సంతోషం పదవీ విరమణ రోజున కూడా కలగలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక, పెద్ద తెర మీద మేమూ చూద్దామని మా డిస్కుని టీవీ కింద ఉన్న ప్లేయర్‌లో పెట్టాను. ఈ డిస్కుని చూపించడం కుదరదు అని వచ్చింది.

తీసి తుడిచి పెట్టాను. కుదరదంది. ప్లేయర్ లోపలి కటకం తుడిచాను. తీగ మార్చాను. టీవీని గోడ నుంచి లాగి వెనక దుమ్ము దులిపాను. ముప్ఫై రెండు ఇళ్ళలో ఆడి, కన్నీళ్ళు తెప్పించిన డిస్కు మా ఇంట్లో ఆడడం లేదంటే తప్పు మా ప్లేయర్‌దే కదా. డిస్కు చేసినవాడింట్లోనే డిస్కు ఆడకపోవడమేమిటని మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. ఇనోకుమా వాళ్ళింట్లో ఎలా ఆడించారో అడగొచ్చు కదా అంది ఇత్సుఎ. ఎలా అడుగుతాను? చూశానని చెప్పిన మనిషి దగ్గరికి వెళ్ళి, మీ ఇంట్లో ఆడిందా అంటే, అబద్ధమాడారా అని అడిగినట్టు కాదూ?

ప్లేయర్ కంపెనీ సహాయం నంబరుకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి అరగంట ఓపిగ్గా మాట్లాడింది. అది వీడియో డిస్కాండీ, డేటా డిస్కాండీ అని అడిగింది. గుండ్రటి డిస్కమ్మా అన్నాను. అయితే మీ ప్రోగ్రాం పాతదై ఉంటుంది, కొత్తది దింపుకుని ఇంకో డిస్కు చేసి చూడండి అని సలహా ఇచ్చింది.

ఆ రోజుల్లోనే రెండో బ్లాకు తొకుయో మెట్ల మీద ఎదురైంది. చేపల దుకాణం నడిపి మానేసిన మనిషి, ఎనభైకి దగ్గర. ఆవిడ నోటికి కాలనీలో పిల్లులు కూడా భయపడతాయి. ధన్యవాదం చెప్పని ఇల్లు అదొక్కటే.

"ఇదిగో కుసకబె, నీ డిస్కులో ఏమీ లేదు," అంది. "నల్లటి తెర ఎదురుగా అరగంట కూర్చున్నాను. ముసలిదాన్ని ఆట పట్టిస్తున్నావా?"

"మీ టీవీ పాతదేమో చూసుకోండి."

"టీవీ నిరుడు కొన్నాను. పాతది నీ బుర్ర."

ఆ డిస్కు పట్టుకెళ్ళి నా కంప్యూటర్‌లో పెట్టాను. చక్కగా ఆడింది. పదకొండు వేసవులూ ఉన్నాయి. తిరిగి తీసుకెళ్ళి, శుభ్రంగా ఉందండీ అని చెప్పాను. అయితే నీ కంప్యూటర్ కూడా ఇచ్చిపో, దాంట్లో చూసుకుంటా అంది. ఆ మాటలో ఉన్న నిజం అప్పుడు నాకు తోచలేదు. ముప్ఫై రెండు మంది మాట ఒక వైపు, తొకుయో మాట ఒక వైపు. ఎప్పుడూ ప్రతిదానికీ వంక పెట్టే మనిషి మాట ఎవరు చెవిన వేసుకుంటారు?

కొత్త ప్రోగ్రాం దింపుకుందామంటే కంప్యూటర్‌లో చోటు చాలదంది. అక్కర్లేనివి తీసెయ్యమంది. చూస్తే చోటంతా ఆ పదకొండేళ్ళ వీడియోలే తినేశాయి. డిస్కుల్లో ఉండనే ఉన్నాయి, ఒకటి కాదు, ముప్ఫై నాలుగు ఇళ్ళలో ఉన్నాయి. కావాలంటే మా డిస్కు నుంచే మళ్ళీ లోపలికి ఎక్కించుకోవచ్చు. అలా అనుకుని అన్నీ తుడిచేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ట్రాము డిపోలో పని ముగిశాక నేలంతా ఊడ్చినట్టు, ఎంతో శ్రద్ధగా చేశాను. కొత్త ప్రోగ్రాం దింపాను. నాలుగు రోజులు దాంతో కుస్తీ పట్టి, ఖాళీ చెయ్యబోయే మా ఇంటికి గుర్తుగా తీసిన ఫోటోలు కూడా కొన్ని ఎక్కించాను. అయిదో రోజు డిస్కు పెట్టి రీలు మీద నొక్కాను.

ఫైలు కనబడడం లేదంది.

మొన్నటిదాకా ఆడింది, ఇవాళ లేదు. డిస్కు మారలేదు, కంప్యూటర్ మారలేదు, నేను మారలేదు. తలా తోకా అర్థం కాలేదు. తొకుయో దగ్గర డిస్కు అడిగి తెచ్చి పెట్టాను. అదీ కనబడడం లేదంది. పోయిన వారం ఇదే డిస్కులో పదకొండు వేసవులూ నా కళ్ళతో చూశాను. నాకు మతిపోయిందా అని భయం వేసింది. మతి పోవడమంటే ఇలాగే ఉంటుందేమో, మొదట కొన్ని వస్తువులు ఉండీ లేకుండా పోతాయేమో అనుకున్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

స్టేషన్ వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే మిజొగుచి అనే ఆవిడ ఉంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని పనిచేస్తుంది. కంప్యూటరూ డిస్కూ రెండూ మోసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను. డిస్కుని తన యంత్రంలో పెట్టి రెండు క్షణాలు చూసింది. ఇందులో ఎంత సరుకు ఉందో తెలుసా అని అడిగింది. నాలుగ్గంటల బొమ్మ అన్నాను. ఇందులో నిండింది ఒక చిన్న ఉత్తరానికి పట్టేంత చోటేనంది.

"మీరు అందరికీ సామాను పంచలేదండీ. సామాను ఏ గదిలో ఉందో ఆ గది నంబరు రాసిన చీటీ పంచారు," అంది. "మీ కంప్యూటర్‌లో పెట్టినప్పుడు చీటీ చూసి అది లోపలి గదిలోకి వెళ్ళి సామాను తెచ్చి చూపించేది. తర్వాత మీరు ఆ గదే కూలగొట్టేశారు."

కూర్చోమని ఆవిడే కుర్చీ లాగింది. తుడిచేశాక కంప్యూటర్ వాడారా అని అడిగింది. కొత్త ప్రోగ్రాం, ఫోటోలు, నాలుగు రోజుల కుస్తీ, అన్నీ చెప్పాను. ఆవిడ కళ్ళజోడు కళ్ళ మీదికి దించుకుంది. తుడిచింది వెంటనే పోదట, దాని మీద కొత్తది పడితేనే పోతుందట. నేను చాలా పడేశానట. ఇక దాన్ని ముట్టుకోవద్దు, ఇక్కడ వదిలేసి వెళ్ళండి, రెండు నెలలు పట్టొచ్చు, మాట ఇవ్వలేను అంది.

ఖాళీ చేతులతో ఇంటికి నడుస్తుంటే ఇంకో సంగతి తట్టి దారి మధ్యలో ఆగిపోయాను. డిస్కుల్లో మొదటినుంచీ ఏమీ లేదు. మరి ముప్ఫై రెండు మంది ఏం చూశారు? ఇనోకుమా దంపతులు దేనికి ఏడ్చారు? అన్నిటికన్నా, మినెగిషి గారు ప్రశాంతంగా కూర్చుని చూసిందేమిటి? లేనిదాన్ని చూసి జన్మలో మరిచిపోనని ఎందుకు రాశారు?

దార్లో ఇనోకుమా గారు మొక్కలకి నీళ్ళు పోస్తూ కనిపించారు. ఆగి, మా డిస్కులో మీకు ఏ భాగం బాగా నచ్చిందండీ అని మామూలుగా అడిగాను. నీళ్ళ డబ్బా ఒక క్షణం గాలిలో ఆగింది. ఆ డోలు వాయించే భాగమండీ, అదే అద్భుతం అన్నారు. పదకొండేళ్ళ ఒబోన్‌లో డోలు వాయించని భాగం ఏదైనా ఉంటే కదా.

ఇంటికొచ్చి ఇత్సుఎ మీద అరిచాను. అందరూ అబద్ధాలకోరులే, ఒక్క ఇల్లు నిజం చెప్పి ఉంటే నేను తుడిచేవాణ్ణి కాదు కదా అని.

"ఒక ఇల్లు చెప్పింది," అంది ఇత్సుఎ. "తొకుయో చెప్పింది. మీరు వినలేదు."

"మిగతా ముప్ఫై రెండు మందీ?"

"పోయిన నెల పక్కింటి గోతో గారమ్మాయి ముల్లంగి ఊరగాయ ఇస్తే, రెండు గిన్నెల అన్నం తిన్నానని మీరు చెప్పలేదూ? అది ఎక్కడ పారబోశారో నాకు తెలుసు."

"అది ముల్లంగి."

"వాళ్ళకి ఇది డిస్కు. ప్రతివాళ్ళూ తమ యంత్రమే పాడైందనుకుని ఉంటారు. మీలాగే."

ఆ చివరి మాట నాకు గట్టిగా తగిలింది. ముప్ఫై మూడు ఇళ్ళలో ముప్ఫై మూడు మంది టీవీ వెనక దుమ్ము దులుపుతూ, మిగతా అందరికీ ఆడింది మాకే ఆడలేదని తలలు పట్టుకుని ఉంటారు. నవ్వొచ్చే సంగతే. మినెగిషి గారి పేరు అందులో లేకపోతే నవ్వేవాణ్ణే.

మార్చి అంతా అట్టపెట్టెల మధ్య గడిచింది. కాపురాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. మినెగిషి గారు రెండు రైళ్ళు మారి వెళ్ళాల్సిన ఊళ్ళో ఇల్లు చూసుకున్నారు. వెళ్ళేముందు వచ్చి, మీ డిస్కుని సామానులో కాక చేతిసంచిలో పెట్టుకుని తీసుకెళ్తున్నానండీ అని చెప్పారు. నేను మింగలేక కక్కలేక నిలబడ్డాను. మిజొగుచి దగ్గర ఏదైనా దొరికితే అప్పుడు చెబుదామనుకున్నాను. నిజానికి అప్పుడు చెప్పే ధైర్యం లేదు, అంతే.

ఏప్రిల్ మొదటి వారంలో మిజొగుచి ఫోన్ చేసింది. పదకొండేళ్ళలో దొరికినవి రెండు ముక్కలు. ఒకటి 2014లో వాన పడి అందరూ పరుగెత్తే ముక్క. రెండోది 2009ది, తొమ్మిది సెకన్లు. ఆరు నిమిషాల నాట్యం మొత్తం పోయింది, నాట్యం మొదలవక ముందు నేను కెమెరా నిలబెట్టుకుంటున్నప్పటి కాస్త ముక్క మాత్రం ఎక్కడో మూల బతికి ఉంది. దుకాణంలో అది చూసి నేను తల దించుకున్నాను. మిజొగుచి ఆ రెండు ముక్కల్నీ నిజంగా బ్లూ-రే డిస్కులోకి రాసి, టీవీకి తగిలించిన మామూలు ప్లేయర్‌లో పెట్టి ఆడించి చూపించింది. అసలు పరీక్ష అంటే అదట.

ఆదివారం రెండు రైళ్ళు మారి వెళ్ళాను. దారంతా ఒక పాడు ఆలోచన వెంటాడింది. పాత పెట్టెలో కొత్త డిస్కు పెట్టేసి, పాతది జేబులో వేసుకొస్తే ఎలా ఉంటుందని. ఆవిడ చూశానన్నారు కదా, మళ్ళీ చూడకపోవచ్చు కదా అని. ఇలాంటి ఆలోచనలు నాకు వస్తాయని డెబ్బై ఒకటో ఏట తెలిసింది.

చిన్న గది. పూజ అలమరలో కొహారు ఫోటో, దాని పక్కన నిలబెట్టి మా డిస్కు. ఇత్సుఎ కుంచె రాత ఎదురుగా కనిపిస్తోంది. అగరువత్తి వెలిగించి, వెనక్కి జరిగి, కూర్చోమని వేసిన మెత్త మీంచి దిగి తతామి చాప మీద నుదురు ఆనించాను. ఆ డిస్కులో మొదటినుంచీ ఏమీ లేదండీ అన్నాను. చీటీ సంగతి, తుడిచెయ్యడం సంగతి, అన్నీ ఆపకుండా చెప్పేశాను. తల ఎత్తలేదు. ఆవిడ తిడితే బాగుండుననిపించింది.

బట్టల రాపిడి వినిపించింది. చూస్తే ఆవిడ కూడా మెత్త దిగి, నా ఎదురుగా చాప మీద నుదురు ఆనించి ఉన్నారు.

"నేను చూడలేదండీ," అన్నారు. "మీరు అంత కష్టపడ్డారని చూశానని రాశాను. ఒక్కసారి కూడా పెట్టలేదు."

"మీ ప్లేయర్..."

"ప్లేయర్ బాగానే ఉంది. నాకే ధైర్యం చాల్లేదు. ఆరు నిమిషాలు నా పిల్ల అలా తిరుగుతూ ఉంటుంది. ఏడో నిమిషంలో నేనేం చెయ్యాలో తెలీలేదు. పక్కన ఉంది కదా, ఎప్పుడైనా చూడొచ్చు కదా అనుకుంటూ రోజులు వెళ్ళదీస్తున్నాను."

అంటే చూడకపోయినా ఆ డిస్కు ఆవిడకి ఒక ఆసరాగా ఉంది. దాన్నిప్పుడు నేను లాగేశాను. నిజం చెప్పడం మంచిదో కాదో నాకు ఆ క్షణంలో తెలియలేదు, ఇప్పటికీ సరిగ్గా తెలియదు. సంచిలోంచి కొత్త డిస్కు తీసి చాప మీద పెట్టాను.

"ఆరు నిమిషాలు పోయాయండీ. తొమ్మిది సెకన్లు దొరికాయి. నాట్యం కూడా కాదు."

"తొమ్మిది సెకన్లు," అన్నారు ఆవిడ. డిస్కుని రెండు చేతులతో అందుకుని చాలాసేపు చూశారు. "తొమ్మిది సెకన్లైతే చూడగలను. మీరు కూర్చోండి, వెళ్ళకండి."

ప్లేయర్‌లో పెట్టాను. ఆడకపోతే ఎలా అని భయపడుతూనే మీట నొక్కాను. ఆడింది.

తెరంతా ఊగింది. కాగితం దీపాలు, డోలు మంచె కాలు ఒకటి, నా బొటనవేలు. అప్పుడు పక్కనుంచి నీలం యుకాతాలో కొహారు వచ్చి, కెమెరాలోకి కన్ను పెట్టి చూసింది. మొహం తెరంతా నిండిపోయింది. ముక్కు మీద చెమట చుక్కలు కూడా కనిపించాయి. నా గొంతు, పదేళ్ళ కిందటి నా గొంతు, కటువుగా వినిపించింది.

"ఏయ్ పిల్లా, అడ్డం. పక్కకి జరుగు."

"జరగను," అంది కొహారు. పన్ను ఊడిన సందు కనిపించేలా నవ్వింది. అక్కడితో ఆగిపోయింది.

మినెగిషి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. చూస్తే నవ్వుతున్నారు. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉన్నారు.

"ఇంతేనండీ. ఎప్పుడూ ఇంతే. ఒక్క మాట వినేది కాదు."

"క్షమించండి. పసిపిల్లని అలా కసిరాను," అన్నాను.

ఆవిడ రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఇంకోసారి కసరండి," అన్నారు.

నొక్కాను. పక్కకి జరగమన్నాను. జరగనంది.